పూర్ణిమ బడి విషయమై ప్రభావతి రాసిన వీలునామా

కృష్ణా జిల్లా నాగాయలంక కాపురస్తురాలు, లంకే నాంచారయ్య భార్య, కుట్టుపని చేసుకుని బతికే ప్రభావతి అనే నేను, నా నలభై ఒకటో ఏట, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా.

నా ఒంట్లో బాగులేదు. కడుపులో కేన్సరు ముదిరిందనీ ఇక ఆపరేషనుకు లొంగదనీ విజయవాడలో డాక్టర్లు చెప్పేశారు. తెలివి మాత్రం నిలకడగా ఉంది. మత్తులో రాసిందని రేపు ఎవరూ అనకుండా, పొద్దుటి నుంచి నొప్పి మాత్ర వేసుకోకుండా ఇది రాస్తున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఒక్క కాగితం మీద మాత్రం చెయ్యరాని సంతకం చేశాను. ఆ సంగతి మూడో అంశంలో ఉంది.

1. మా నాన్న నాకిచ్చిన స్థలంలో నా కుట్టు సంపాదనతో కట్టిన రెండు గదుల పెంకుటిల్లు, నా తదనంతరం నా ఏకైక కుమార్తె పూర్ణిమకు చెందాలి. పూర్ణిమకు ఇప్పుడు పన్నెండేళ్ళు. మూడో ఏట మెదడు జ్వరం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట ముద్దగా వస్తుంది. అప్పుడప్పుడూ ఫిట్స్ వస్తాయి. కానీ మనం అన్నదంతా దానికి అర్థమవుతుంది. ఈ మాట తొమ్మిదేళ్ళుగా కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాను, ఇక్కడా రాస్తున్నాను. నా భర్త తన జీవితాంతం ఆ ఇంట్లో కూతురితో ఉండవచ్చు. ఇంటిని అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఆయనకు లేవు.

2. నా కుట్టుమిషను పక్కింటి నూర్ బీ కూతురు సబాకు ఇస్తున్నాను. ఎందుకో రాయాలి.

తొంభై ఎనిమిదిలో పూర్ణిమను మా వీధి చివరి చిన్న బడికి తీసుకెళ్ళాను. "ఫిట్స్ వస్తే మా పీకల మీదకొస్తుందమ్మా, ఎవరు చూస్తారు?" అన్నారు అప్పటి పంతులుగారు. "నేను చూస్తానండీ" అన్నాను. అయితే వరండాలో కూర్చోబెట్టమన్నారు. ఆ ఏడాదంతా అది వరండాలో పలక పట్టుకుని, నేను దాని పక్కనే ఒళ్ళో జాకెట్లు పెట్టుకుని చేతి కుట్టు కుట్టుకుంటూ కూర్చున్నాం. లోపల చెప్పే పాఠం కిటికీలోంచి విన్నాం. వాన జల్లు కొట్టినప్పుడు మాత్రం గుమ్మం లోపలికి జరగనిచ్చేవారు.

మరుసటి ఏడు అచ్చమ్మ టీచరుగారు బదిలీ మీద వచ్చారు. మొదటి రోజే, "ఇదేంటమ్మా, పిల్లని బయట కూర్చోబెట్టారేంటి?" అని తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. "నా పక్కన కూర్చోబెట్టండి టీచర్" అని జరిగి చోటిచ్చిన పిల్ల సబా. అయిదో తరగతి దాకా దాని పక్కనే కూర్చుంది. ఎడమ చేత్తో రాయడం టీచరుగారు నేర్పారు. రెండేళ్ళు పట్టింది. ఒకరోజు పూర్ణిమ తన పేరు మొత్తం రాసి, పలక నా మొహానికి ఆనించి పట్టుకుంది. అంత దగ్గరగా పెడితే అక్షరాలేం కనపడతాయి? అయినా చదివాను.

అచ్చమ్మ టీచరుగారినే ఈ వీలునామా అమలు జరిపే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. ఆవిడ ఒప్పుకున్నారు.

3. నిరుడు పూర్ణిమ అయిదు పాసయ్యింది. హైస్కూలు పేరు, హెడ్మాస్టరుగారి పేరు రాయను. ఆయన చేర్చుకోనన్నారు. వికలాంగ పిల్లలకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చదువు చెప్పాలని చట్టం ఉందని టీచరుగారు కాగితం మీద రాసిచ్చారు. అది పట్టుకుని, పిల్లని వెంటేసుకుని, మూడు సోమవారాలు బందరు వెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాను. జూలైలో చేర్చుకున్నారు.

నవంబరులో క్లాసులో ఫిట్స్ వచ్చి బెంచీ మీద పడింది. పెదవి చిట్లింది. నాకు కబురొచ్చేసరికి విజయవాడలో పరీక్షలు చేయించుకుని అప్పుడే బస్సు దిగాను. వెళ్ళేసరికి హెడ్మాస్టరుగారి గదిలో తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. "మీరే రాసివ్వండమ్మా. మేం పంపించేసినట్టుండకూడదు" అన్నారు. నా ఇష్టపూర్వకంగానే నా కూతురిని బడి మాన్పిస్తున్నానని ఆయన చెబుతుంటే నా చేతిరాతతో రాసి సంతకం పెట్టాను. బందరు కలెక్టరాఫీసు మెట్ల మీద తిండి లేకుండా కూర్చున్నదాన్ని, ఆ ఒక్క గంట నిలబడలేకపోయాను. అలసిపోయాను. అంతకు మించి నా దగ్గర సంజాయిషీ లేదు.

మర్నాడు పూర్ణిమ యూనిఫాం వేసుకుని, సంచి తగిలించుకుని గుమ్మంలో కూర్చుంది. సబా వచ్చింది. నువ్వు వెళ్ళమ్మా అని పంపేశాను. "అమ్మా, బయి" అంది. బడి అనడం అలాగే వస్తుంది దానికి. రేపు వెళ్దువులే అన్నాను. పంతొమ్మిది రోజులు అలాగే కూర్చుంది, పంతొమ్మిది రోజులు అదే అబద్ధం చెప్పాను. ఇరవయ్యో రోజు పొద్దున తనే చొక్కా విప్పబోయింది. ఒంటి చేత్తో గుండీలు రాక పట్టి లాగేసింది. నేను సాయం చెయ్యబోతే నా చెయ్యి తోసేసింది. మళ్ళీ బడి మాట ఎత్తలేదు.

ఆ కాగితం మీది నా సంతకాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. చట్టప్రకారం చెల్లుతుందో చెల్లదో నాకు తెలియదు. నా ఇష్టపూర్వకంగా నేను నా కూతురిని బడి మాన్పించలేదు. ఇదే నా ఆఖరి మాట. హెడ్మాస్టరుగారికి నేను ఇచ్చేదేమీ లేదు, ఈ వీలునామా నకలు ఒకటి తప్ప. దాన్ని టీచరుగారు స్వయంగా ఆయన చేతికి ఇవ్వాలి.

4. నా ఆడపడుచు సుబ్బరత్నమ్మకు నా ఆకుపచ్చ పట్టుచీర. తన కూతురి పెళ్ళిలో మగపెళ్ళివారి కంట పడకూడదని పూర్ణిమను ఆవిడ వెనక గదిలో పెట్టి గడియ వేసినప్పుడు నేను కట్టుకున్న చీర అదే. మళ్ళీ కట్టలేదు. ఆవిడ కట్టుకోవచ్చు.

5. నా భర్త నాంచారయ్య రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా బడి గడప తొక్కలేదు. "దాన్ని పదిమందిలో నవ్వులపాలు చెయ్యకే" అనేవారు. దీని మీద మేం చాలా పోట్లాడుకున్నాం, నెలల తరబడి మాట్లాడుకోకుండా కూడా ఉన్నాం. కానీ ఈ పన్నెండేళ్ళలో పిల్ల ఒక్క చేపముల్లు మింగలేదు. ఎంత అలిసి వచ్చినా ముల్లు తీసి, వేళ్ళతో చిదిపి చూసి, ఆయనే తినిపిస్తారు. అందుకని దాన్ని ఆయనకే అప్పగిస్తున్నాను. నా మీద కోపం బడి మీద చూపించవద్దు.

6. సంతకం విషయంలో నేను పెట్టుకున్న కొత్త అర్జీ మీద ఈ జూలైలో ఆర్డరు వచ్చింది. పూర్ణిమను ఆరో తరగతిలో మళ్ళీ చేర్చుకోవాలని, క్లాసులో దాని దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండవచ్చని అందులో ఉంది. బందరు నుంచి బస్సులో ఆ కాగితం గుండెకు అదుముకుని వచ్చాను. ఇంటికొచ్చి యూనిఫాం బయటకు తీస్తే పూర్ణిమ చూసి మంచం కిందకు దూరింది. సాయంత్రం దాకా రాలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఫిట్స్ ఎక్కువయ్యాయి. పలక ఇస్తే 'పూ' అని రాసి ఆగిపోతోంది. నేను గెలిచాను, అది మాత్రం బడిని మర్చిపోయింది. లేదా నన్ను నమ్మడం మానేసింది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకునేంత కాలం నాకు లేదు.

రెండు జతల కొత్త యూనిఫాం కుట్టి బీరువాలో పెట్టాను. గుండీలకు బదులు ఒంటి చేత్తో నొక్కితే పడే ప్రెస్ బటన్లు వేశాను. స్కర్టు అంచు లోపలికి ఎక్కువ మడిచాను. పిల్ల పొడుగైతే సబా ఆ కుట్టు విప్పి దించాలి.

నా తర్వాత పూర్ణిమను బడికి ఎవరూ ఈడ్చుకెళ్ళవద్దు, కొట్టవద్దు, బిస్కెట్లు ఆశ చూపవద్దు. రేపు వెళ్దువులే అని మాత్రం చచ్చినా అనవద్దు. నాంచారయ్య గారు రోజూ పొద్దున్నే ఒక్కసారి అడగాలి: "బడికెళ్దామా అమ్మా?" రానంటే వదిలెయ్యాలి. మర్నాడు మళ్ళీ అడగాలి. ఎన్నాళ్ళని ఎవరైనా అడిగితే, దానికి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా అని చెప్పాలి. అది వస్తానన్న రోజున చెరువు పని మానుకుని అయినా సరే ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, బడి విడిచేదాకా దాని పక్కన కూర్చోవాలి.

ఇది నేను చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

నాగాయలంక,
18 ఆగస్టు 2004

(సంతకం) లంకే ప్రభావతి

సాక్షులు:
1. ఎస్తేరు, ఆస్పత్రి నర్సు
2. హిదాయతుల్లా, సైకిలు షాపు