నొప్పి యంత్రం పోటీలో నాకిచ్చిన మొదటి బహుమతి రద్దు గురించి

మినాషిమా పురపాలక ఆరోగ్య విభాగాధిపతి శ్రీ కువబరా గారి సముఖమునకు,
రేవు వీధి చేపల దుకాణంలో పనిచేయు ఇసోబె చిగుసా వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: నాకిచ్చిన ఓర్పు బహుమతిని రద్దు చేసి, నా ఫొటో ఉన్న పోస్టర్లు తొలగించుట గురించి.

1. గత నవంబరు ఆరోగ్య ఉత్సవంలో, ఆడవారి నెలసరి నొప్పి మగవారికి తెలియజేయు నిమిత్తం తమ విభాగం ఒక యంత్రం తెప్పించియున్నది. పొత్తికడుపుకు పట్టీ అంటించి, ఒకటో అంకె నుంచి పదో అంకె దాకా పెంచుతూ కరెంటు పెట్టుదురు. తమరు స్వయంగా కూర్చొని, మూడో అంకె వద్దనే "ఆపండి, ఆపండి బాబోయ్!" అని కేక వేసియున్నారు. జనం పగలబడి నవ్విరి. నేనూ నవ్వితిని.

2. తదుపరి ఆడవారికి పోటీ పెట్టితిరి. ఆఖరిదైన పదో అంకెకు కూడా నాలో చలనం లేదు. నర్సమ్మ, "వైరేమైనా ఊడిందా ఏంటండీ?" అని తడిమి చూసినది. "లేదమ్మా, వస్తోంది. నాకు నెలనెలా వచ్చేదానికంటే తక్కువే," అని నవ్వాను. అందరూ చప్పట్లు కొట్టిరి. తమరు మైకులో "చూశారా, మన ఊరి ఆడవాళ్ళంటే ఇదీ!" అని, కొత్త బియ్యం మూట ఇచ్చి నాతో ఫొటో దిగితిరి. పదో అంకెకు నవ్వే మనిషిని ఆసుపత్రికి పంపవలెనని అక్కడ ఒక్కరికీ తోచలేదు. నాకే తోచలేదు, తమరినేమనగలను?

3. గర్భసంచి లోపలి పొర బయటెక్కడో పెరిగి నెలనెలా నెత్తురు కక్కే జబ్బు నాకున్నదని, అండాశయం మీద దాని తిత్తి ఏళ్ళ తరబడి ఉండి క్యాన్సరుగా మారినదని ఈ వసంతంలో తెలిసినది. అందరికీ మారదట. నాకు మారింది. అరుదైన రకం, మామూలు మందులకు లొంగడం లేదు. ఆ తిత్తిని డాక్టర్లు చాక్లెట్ తిత్తి అంటారు, లోపలి పాత నెత్తురు ఆ రంగులో ఉంటుందని. పేరు విని మా చెల్లెలు నవ్వబోయి ఏడ్చింది.

4. ఆ ఫొటోతో ఊరంతా అంటించిన పోస్టరు తీయమని అడుగగా, తమ కౌంటరులోని అబ్బాయి, "ఈ ఏడు బడ్జెట్లో ముద్రించామండీ, మార్చి దాకా ఉండాల్సిందే. అయినా ఫొటోలో ఎంత బాగున్నారో!" అన్నాడు.

5. మా చెల్లెలి కూతురు హోనోకాకు పందొమ్మిదేళ్ళు. నెలనెలా చాప మీద ముడుచుకుని పళ్ళు బిగబట్టి పడుకుంటుంది. ఆసుపత్రికి రమ్మంటే, "ఈ మాత్రానికా పెద్దమ్మా? నువ్వు పదికి నవ్వావు. నేనూ నవ్వుతా చూడు," అని ఈ ఏటి పోటీకి పేరిచ్చి వచ్చింది. "నా గతి చూస్తున్నావు కదే!" అంటే, "అది అరుదని డాక్టరే అన్నాడుగా," అంటుంది.

కావున నా బహుమతి రద్దుపరచి, పోస్టర్లు తీయించి, ఇకపై పదో అంకెకు నవ్విన వారిని చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోవలసినదిగా ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన. ఈ కాగితం ముద్ర మీద ముద్ర వేయించుకుంటూ బల్ల నుంచి బల్లకు పోవునని ఎరుగుదును. చిత్తగించవలెను, చిత్తగించరనీ తెలుసు.

తమ విధేయురాలు,
ఇసోబె చిగుసా

తా.క. కువబరా గారూ, రద్దు కుదరకపోతే పోనివ్వండి. ఉత్సవం దాకా ఆగకుండా ఆ యంత్రాన్ని ఒక్కసారి బయటికి తీయించండి. నవంబరు మాటెత్తితే మా డాక్టరు గారు కిటికీ వైపు చూస్తున్నారు. హోనోకాను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి అంకెకే గొంతు చించుకుని అరవాలి నేను. పిల్ల హడలిపోవాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అరిచి చూశాను. నోరు తెరిస్తే నవ్వే వస్తోంది.