చెప్పుల్లేని డాక్టరు

నువ్వు చెప్పింది అబద్ధం, అన్నా. మమ్మల్నందరినీ నమ్మించి చచ్చిపోయినావు.

"మన దేశమూ చైనా ఒకే ఈడువి. అక్కడ సేద్యగానికే వైద్యం నేర్పించినారు. చెప్పుల్లేకుండా పల్లెపల్లెకూ వచ్చి మందిస్తాడు. పదేండ్లలో ఇక్కడికీ వస్తాడు" అన్నావు. "వాళ్లు మన మీదికి యుద్ధానికొచ్చినోళ్లు కదరా" అని అమ్మంటే, "పగోడైతేనేం, జ్వరం తగ్గిస్తాడు కదమ్మా" అని నవ్వినావు.

నిన్న చెప్పుల్లేని మనిషొకడు సంచీ తగిలించుకొని పెన్నాగరం బస్సు దిగినాడు. ఇంట్లో నీ బిడ్డ జ్వరంతో మూలుగుతా ఉంది. అమ్మ పరుగెత్తిపోయి వాని చెయ్యి పట్టుకునింది.

"వచ్చినావా నాయనా! నువ్వొస్తావని మా పెద్దోడు చెప్పే పోయినాడు."

వాడు బిత్తరపోయి, "నేను ఎరువులు అమ్మేవాణ్ణమ్మా. దావలో చెప్పు తెగిపోయింది" అన్నాడు తమిళంలో. అమ్మ చెయ్యి వదల్లేదు. నేనే విడిపించినాను.

చెప్పులు లేకపోవడంలో మనం చైనాను ఎప్పుడో దాటేసినాము. డాక్టరే లేడు.

ఈ పొద్దు నేను క్వారీ పని మాని, బిడ్డను మంచం మీద ఆస్పత్రికి మోయించుకుపోయినాను. నిన్ను మోసిన మంచమే. అప్పుడున్న కాంపౌండరే ఇప్పుడూ ఉన్నాడు. "డాక్టరు సోమవారం వస్తారు, అప్పుడు తీసుకురా" అన్నాడు. నీకూ ఆ మాటే చెప్పినాడు. నువ్వు ఆదివారమే పోయినావు.

అమ్మ ఇంకా వాకిట్లో కూర్చొని, వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూస్తా ఉంది. ఆమెకు ఏం చెప్పాలో నువ్వే చెప్పు. సోమవారం దాకా ఆగను. ఆదివారం పొద్దుమునిగే లోపల నాకు జవాబు కావాల.