ఇరవై సెకన్లు

జులై 3

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగాలి?

ట్రైనింగ్ కాలేజీలో మా లెక్చరర్ అడిగిన మాట ఇది. ఇరవై రెండేళ్ళయింది. అడిగేసి ఊరుకున్నారు. మేం కాసేపు గోళ్ళు చూసుకున్నాం, కాసేపు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన వాచీ చూసి, నాలుగు సెకన్లకే ఇలా మెలికలు తిరిగిపోతున్నారేంటమ్మా అన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు. అప్పటినుంచి ఏ క్లాసులో చాక్‌పీసు పట్టుకున్నా ఆ ప్రశ్న నా వెనకాలే నిలబడుతుంది.

ఇవాళ అయిదో తరగతిలో కొత్తమ్మాయి చేరింది. మూడో బెంచీ, కిటికీ వైపు. ముప్ఫయ్యారు మంది పిల్లలు, ఒక్కో వ్యానులో ఎనిమిది మంది పడతారు, ఎన్ని వ్యాన్లు కావాలి అని అడిగాను. లేచి నిలబడి ఫ్యాన్ వైపు చూసింది. చూస్తూనే ఉంది. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. నేను ఆగాను. చివరికి, అయిదు టీచర్, కానీ ఆఖరి వ్యానులో నలుగురే మిగులుతారు, వాళ్ళకి బోర్ కొడుతుంది, అందుకని నాలుగు వ్యాన్లలో ఏడుగురేసి ఎక్కిద్దాం, ఒక్కదాంట్లో ఎనిమిది మంది అంది.

ఇన్నేళ్ళుగా ఈ లెక్క చెబుతున్నాను. ఆ నలుగురికి బోర్ కొడుతుందని నాకెప్పుడూ తట్టలేదు.

క్లాసు ఆమెకు ఫ్యాన్ పిల్ల అని పేరు పెట్టేసింది. మనసులో నేనూ అదే ఖాయం చేసుకున్నాను.

ఆగస్టు 11

టాబ్లెట్లు వచ్చాయి. ఇరవై. వెనక నంబరు స్టిక్కర్లు. పిల్లలు నలభై మంది, కాబట్టి రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి ఇరవై నిమిషాలు. కంపెనీ ట్రైనర్ వచ్చి, ఇక మీరు దిద్దే పనే లేదు మేడమ్, అంతా యాపే చూసుకుంటుంది అన్నాడు. సైన్స్ టీచర్ నా చెవిలో, మరి మన ఎర్ర పెన్నులతో బొట్లు పెట్టుకుందామా అంది. పగలబడి నవ్వాం.

నిజానికి నాకు సంతోషంగానే ఉంది. భిన్నాల పాఠంలో ఒక గుండ్రటి బొమ్మ ఉంది. వేలితో గీస్తే ముక్కలవుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. ఎప్పుడూ నోరు విప్పని ఇద్దరు మొగపిల్లలు దాని కోసం కొట్టుకున్నారు. భిన్నాల కోసం కొట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

సెప్టెంబరు 2, మధ్యాహ్నం 1.20

స్టాఫ్ రూమ్. ఎవరు ఎంత పూర్తి చేశారో రంగుల్లో చూపించే డాష్‌బోర్డ్ ముందు కూర్చున్నాను. పక్క సెక్షన్ ఆకుపచ్చ. నాది పసుపు. హెడ్‌మిస్ట్రెస్‌ను మేమంతా పెద్ద మేడమ్ అంటాం. ఆవిడ నన్ను తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు. నీ పిల్లలు మధ్యలోనే ఆగిపోతున్నారేంటమ్మా అన్నారు, అంతే.

ఆగిపోక? నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే ప్రశ్నలు ఇరవై, ఒక్కోదానికి అరవై సెకన్లు. లాగిన్లకే అయిదు నిమిషాలు, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళ ఏడుపులకి ఇంకో అయిదు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి టైమర్ ఇరవై సెకన్లకు తగ్గించాను. తగ్గించమని ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 5

ఆకుపచ్చ.

సెప్టెంబరు 19

అందరిదీ ఆకుపచ్చ, ఫ్యాన్ పిల్లది ఎరుపు. ఇవాళ ఆమె వెనక నిలబడి చూశాను. ప్రశ్న చదువుతుంది. తల ఎత్తి ఫ్యాన్ వైపు చూస్తుంది. తల దించేసరికి తెర మీద వేరే ప్రశ్న ఉంటుంది. మూడుసార్లు అలాగే జరిగింది. నా వైపు తిరిగి, ఇందాకటి లెక్క ఎక్కడికెళ్ళింది టీచర్ అని అడిగింది.

గబగబా చెయ్యాలమ్మా, ఆలోచిస్తూ కూర్చుంటే ఎలా అన్నాను.

లెక్కల టీచర్ని. ఆ మాట అన్నాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది.

అక్టోబరు 14

ఫ్యాన్ పిల్ల ఆకుపచ్చ! నెల తిరక్కుండానే.

పేరెంట్స్ మీటింగుకి వాళ్ళమ్మ వచ్చింది. బట్టలు కుట్టే షాపులో పని చేస్తుందట, జాకెట్టు భుజానికి సూది గుచ్చుకుని అలాగే వచ్చేసింది. గ్రాఫు చూపించాను. ఆవిడకి గ్రాఫు అర్థం కాలేదు గానీ రంగు అర్థమైంది. మా ఇంట్లో దీన్ని నత్త అంటారండీ, చెప్పులేసుకోవడానిక్కూడా ఆలోచిస్తుంది, అంతా మీ చలవే అంది. నేను కాదనలేదు. రిపోర్టు కార్డులో గుడ్ ప్రోగ్రెస్ అని రాసి, కింద గీత కూడా గీశాను.

నవంబరు 20

టాబ్లెట్ నంబర్ పద్నాలుగు హ్యాంగ్ అయితే బాగు చేద్దామని ఏదేదో నొక్కాను. ఏ ప్రశ్నకు ఎంతసేపు పట్టిందో చూపించే పేజీ వచ్చింది. ఆ బ్యాచ్‌లో పద్నాలుగు ఫ్యాన్ పిల్లది. రెండు సెకన్లు. ఒకటి. రెండు. ఒకటి. ఒకటి.

రెండు సెకన్లలో ప్రశ్న చదవడం నాకే చేతకాదు.

లంచ్‌లో పిలిచి అడిగాను. భయపడలేదు. నాకేదో చిట్కా చెబుతున్నట్టు చెప్పింది. ఆలోచిస్తే ఖాళీ అని పడుతుంది టీచర్, ఏదో ఒకటి నొక్కితే పూర్తయింది అని పడుతుంది, పైగా నాలుగింట్లో ఒకటి దానంతటదే రైటయిపోతుంది అంది. వారం పాటు గమనించి కనిపెట్టిందట. మా బెంచీ వాళ్ళకి కూడా నేర్పించాను టీచర్ అని గర్వంగా చెప్పింది.

టాబ్లెట్లు వచ్చాక నా క్లాసులో ఎవరైనా సొంతంగా చేసిన లెక్క అదొక్కటే. ఇకమీదట లెక్క చెయ్యక్కర్లేదని తేల్చిన లెక్క.

నవంబరు 21

మా ఆయనకు చెప్పబోయాను. సగంలోనే, మళ్ళీ అరవై పెట్టెయ్, అయిపోయె అన్నారు. ఈయనకు టైమర్ పుట్టుకతోనే వచ్చింది.

పెద్ద మేడమ్‌కూ చెప్పాను. కంపెనీకి కంప్లయింట్ రాద్దామా అన్నారు. కంపెనీ అరవై ఇచ్చింది మేడమ్, ఇరవై చేసింది నేనేనన్నాను. ఆవిడ పేపర్‌వెయిట్ కాసేపు అటూ ఇటూ తిప్పి, నిజం చెప్పొద్దూ, ఆ ఆకుపచ్చ చూస్తే నాకూ హాయిగానే ఉండేదమ్మా అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 4

టైమర్ పూర్తిగా తీసేసి పది రోజులయింది. పిల్లలకు చెప్పాను కూడా, ఎంతసేపైనా తీసుకోండి అని. మిగతావాళ్ళు నెమ్మదించారు. ఫ్యాన్ పిల్ల మాత్రం రెండు సెకన్లు. ఒకటి. రెండు.

ఇవాళ టాబ్లెట్లన్నీ బీరువాలో పెట్టించి, నోటితో అడిగాను. అదే వ్యాన్ల లెక్క. నా మాట పూర్తి కాకుండానే నాలుగు అంది. నాలుగైతే నలుగురు రోడ్డు మీద మిగిలిపోతారు కదమ్మా అన్నాను. అయితే ఆరు అంది వెంటనే. ఫ్యాన్ వైపు చూడలేదు. నా మొహం వైపు చూస్తోంది, ఏ రంగు పడుతుందా అని.

సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ కనిపించింది. ఇంట్లో తొందరపెట్టకండి, మెల్లగా ఆలోచించనివ్వండి అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసి, చురుగ్గా అయిందని మీరే మెచ్చుకున్నారు, ఇప్పుడు మళ్ళీ నత్తలా ఉండమంటారా అని అడిగింది.

గీత గీసిన గుడ్ ప్రోగ్రెస్ వాళ్ళింట్లో గోడకి అంటించారట.

డిసెంబరు 18

కరెంటు లేదు. వ్యాన్ల లెక్క మళ్ళీ అడిగాను. ఫ్యాన్ పిల్ల లేచి నిలబడింది. నోరు తెరిచి మూసేసింది. తల ఎత్తి, తిరగని ఫ్యాన్ వైపు చూసింది.

ఆగాను. ఆలోచిస్తోందో, ఈ ప్రశ్న దానంతటదే వెళ్ళిపోతుందని చూస్తోందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బెల్ కొట్టారు. ఆమె కూర్చోలేదు. నేనూ కూర్చోమనలేదు.