హీటర్ తగ్గించకు, ఓరిన్

ఓరిన్, కంప్యూటర్ ఆపకు. రాగానే హీటర్ తగ్గించడం నీకు అలవాటు, ఇవాళ దాని జోలికి పోకు. గది చల్లబడితే డిస్కు చదవనంటోంది. ఆఖరి రోజుల్లో మీ అమ్మ చెబుతుంటే నువ్వు టైపు చేసుకున్నదాంట్లో సగం పొద్దున తెరుచుకోలేదు. గది వేడెక్కాకే వచ్చింది. మళ్ళీ అడుగుదామంటే ఆవిడ లేదు.

కాపీ తీద్దామంటే ఇంట్లో ఖాళీ ఫ్లాపీ ఒక్కటీ లేదు. లైబ్రరీలో వెర్నాని అడిగి తెస్తాను. మంచు పడుతోంది, ఆలస్యం కావచ్చు.

డిస్కును నడిపే కొత్త కార్డు కంప్యూటర్లో పెట్టి ఫార్మాట్ చేస్తే ఇరవై మెగాబైట్ల డిస్కు ముప్పై అయిందని చర్చి భోజనాల దగ్గర అందరికీ చెప్పుకున్నావు. ఇరవైమంది పట్టే బల్ల దగ్గర ముప్పైమందిని ఇరికిస్తే ఎలా ఉంటుందో అక్కడే చూశావు కదా. ఇంకో కాపీ తీసిపెట్టమంటే, "నీకన్నీ భయాలే లవాన్" అన్నావు. ఆ పది మెగాబైట్లూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఇంకొకటి. నేను వచ్చేలోపే అది మొరాయిస్తే ఏ మీటా నొక్కకు. నువ్వు పుట్టిన రోజు గురించి ఆవిడ చెప్పిన పేజీ తెరిచి ఉంచాను. డిస్కు పోయినా తెర మీదున్నది ఉంటుంది. పెన్ను పక్కనే పెట్టాను.