హోరు ఆపే హెడ్‌ఫోన్స్

సుభద్రా,

బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వు వెళ్లి తొమ్మిది నెలలు దాటింది. ఇందిరాపురం మీద మళ్లీ పొగ దిగింది. బాల్కనీలోంచి ఎదురు టవర్ కనిపించడం మానేసింది... నీ ఊపిరితిత్తుల్ని తినేసిన పొగే. దానికి మాత్రం ఏ రోగమూ రాదు.

మన గదిలో ఆక్సిజన్ మిషన్ ఉండే మూల ఖాళీగా ఉంది. అద్దెకిచ్చినవాళ్లు పదోరోజు కాకముందే వచ్చి పట్టుకుపోయారు. కార్యానికి వచ్చిన మీ తమ్ముడు ఆ మూల చూసి, ఇక ఆ హోరు లేదు కదా బావగారూ, ప్రశాంతంగా చదువుకోవచ్చు అన్నాడు. ఓదార్పుట! నువ్వున్నన్నాళ్లూ నీ మొహం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు అతని ఫోన్ ఎత్తడం మానేశాను.

నిజానికి ఆ రోజు నుంచి నేను ఒక్క పుస్తకం తెరవలేదు.

మన నవల నీ మంచం పక్కనే ఉంది. ఊరొదిలి వెళ్లిన డాక్టరు తిరిగొస్తాడా లేదా అన్నచోట ఆగాం, గుర్తుందా? రెండు చలికాలాలు, సాయంత్రంపూట నేను చదువుతుంటే నువ్వు ముక్కుకి గొట్టం పెట్టుకుని వినేదానివి. "కాస్త గట్టిగా చదవండీ, సగం మాటలు మిషనే మింగేస్తోంది" అనేదానివి. నేను గొంతు చించుకునేవాణ్ణి. పై ఫ్లాటు మల్హోత్రా భార్య, మనం రోజూ పోట్లాడుకుంటున్నామనుకుని, గిన్నెలో హల్వా పట్టుకుని రాజీ చేయడానికి దిగివచ్చింది. ఈ వయసులో ఆంటీ మీద ఇంత గుస్సా దేనికి అంకుల్ జీ అంది. నేను చెప్పబోతే ఆపేశావు. ఆవిడ వెళ్లాక అన్నావు: "తిడుతున్నారనే అనుకోనివ్వండి. నవల చదువుతున్నారంటే ఇంకా పిచ్చివాళ్లనుకుంటారు." నవ్వి నవ్వి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది నీకు.

హల్వాతో ఆగారా? మర్నాడు ఆవిడ భర్త సొసైటీ వాట్సాప్ గ్రూపులో, పెద్దవాళ్లు మెల్లగా మాట్లాడటం నేర్చుకోవాలని రాశాడు. ఆ మహానుభావుడే ఇప్పుడు ఇల్లంతా కొత్త పాలరాయి వేయిస్తున్నాడు. పొద్దున్నుంచీ నా నెత్తిమీద రాళ్లు కోస్తున్నారు. గ్రూపులో ఎవరూ కిక్కురుమనరు.

రెండు వారాల కిందట శనివారం నోయిడా నుంచి మన వాణి వచ్చింది. ఆ గోల విని, అందుకే నువ్వు చదవలేకపోతున్నావు నాన్నా, చప్పుడు ఆపే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొనుక్కో అంది. అందుకు కాదే తల్లీ అని చెప్పలేకపోయాను.

పుస్తకం తెరవలేనివాణ్ణి, హెడ్‌ఫోన్స్ మీద సమీక్షలు మాత్రం వారం పాటు చదివాను. పుస్తక సమీక్షకులకన్నా వీళ్లు నయం. కనీసం వస్తువు వాడి చూశాక రాస్తారు. చెవిని మొత్తం కప్పేవైతే మేలట, కళ్లజోడు కాడల మీద నొక్కకూడదట... ఇన్ని నేర్చుకుని వాణితో మాల్‌కి వెళ్లాను.

షాపులో అమ్మాయి ఒక జత నా చెవులకు తగిలించి, పక్కనున్న స్పీకర్లో ఒక హోరు పెట్టింది. విమానం లోపలి చప్పుడట. కొనడానికి వచ్చినవాళ్లందరికీ అదే వినిపిస్తారట.

సుభద్రా... అది విమానం కాదు. నీ మిషన్. అచ్చం అదే. మూలలోంచి, నువ్వు ఉన్నావని చెబుతూ...

అప్పుడా అమ్మాయి నా చెవి దగ్గర బటన్ నొక్కింది. హోరు ఆగిపోయింది.

ఆ ఉదయం డాక్టరు తల అడ్డంగా ఊపాక, మిషన్ స్విచ్ ఆపింది నేనే. అప్పుడూ గది ఇలాగే, ఒక్కసారిగా... నీకు తెలిసిందా అది?

హెడ్‌ఫోన్స్ తీసేశాను. స్పీకర్ మోగుతూనే ఉంది. దాన్ని ఆపొద్దని చెప్పి అలా నిలబడి విన్నాను. ఏది కొనాలో నాకు తేలడం లేదనుకుని ఆ అమ్మాయి ఇంకో జత తెచ్చింది. దీంట్లో అయితే హోరన్నది అసలు వినపడదట. వాణి మాత్రం నా మొహం చూసింది. నీ పక్కన ఎన్ని రాత్రులు పడుకుందో, ఆ చప్పుడు దానికీ తెలుసు. ఏమీ వద్దులే నాన్నా అని, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఈ సాయంత్రం రాళ్లు కోసేవాళ్లు వెళ్లాక నవల తెరిచాను. పేజీల మధ్య నువ్వు పెట్టిన తలపిన్ను అక్కడే ఉంది. ఒక అధ్యాయం చదివాను. డాక్టరు ఇంకా రాలేదు. వస్తాడంటావా?

మిషన్ లేదు కాబట్టి గట్టిగా చదవక్కర్లేదు. అయినా గట్టిగానే చదివాను. అప్పుడు నువ్వున్నది మంచం మీదే. ఇప్పుడు ఎంత దూరాన ఉన్నావో ఏమో...

రేపూ చదువుతాను. మల్హోత్రా దంపతులు మళ్లీ దిగివస్తే, మంచి హెడ్‌ఫోన్స్ ఏవో నాకు బాగా తెలుసు, వాళ్లనే కొనుక్కోమంటాను. నువ్వు మాత్రం విను.

ఉంటాను.