యాభై నాలుగు

కగోయక్కకు,

నీ ఎదుట నిలబడి చెప్పే ముఖం లేక ఈ ఉత్తరం నీ కూతురి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నంగోబికి జింజా బోర్డింగు బడిలో ఉచిత సీటు రాలేదు. పిల్లను తిట్టకు. తప్పు నాది.

ఏటా జూలైలో మా బడికి సముద్రం అవతలి నుంచి తెల్లపిల్లలు వలంటీర్లుగా వస్తారు కదా. పదహారేళ్ళవాళ్ళు, మంచివాళ్ళే. రెండు వారాలు పాఠాలు చెప్పి, గోడకు రంగేసి పోతారు. ఏటా కొత్తవాళ్ళే, పాఠం మాత్రం అదే ఎక్కం. మొదటి ఏడాది మన పిల్లలు గడగడా అప్పజెప్పేసరికి వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. మరుసటి ఏడాది ఆ జట్టు వేరే బడికి పోయింది, మాకిస్తామన్న పైకప్పు రేకులూ అటే పోయాయి. అప్పుడు నేనే నేర్పాను: "ఒరే, మూడు రోజులు మీకేమీ రాదు. ఏడెనిమిదులు ఎంతంటే యాభై నాలుగనండి. నాలుగోరోజు వచ్చేసినట్టు చెయ్యండి." నాలుగోరోజు ఆ పిల్లలు సంతోషంతో ఏడ్చేవాళ్ళు. మేము చాటుగా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నామీద నాకే అసహ్యంగా ఉంది అక్కా.

ఈసారి వాళ్ళొచ్చిన రెండోరోజే సీటిచ్చే పెద్దాయన పిల్లను పరీక్షించడానికి వచ్చాడు. ఆయనా తెల్లవాడే. నంగోబి ఆయన్నూ వలంటీరే అనుకుంది. తలవంచుకుని "యాభై నాలుగండీ" అంది. ఎన్ని అడిగినా అంతే. నేను "దానికి వచ్చండీ..." అంటూ మొదలుపెట్టి, వలంటీర్లు వింటున్నారని ఆగిపోయాను. వాళ్ళలో టిల్లీ అనే పిల్ల దాని భుజం తట్టి, "ఏం పర్లేదు, రేపటికల్లా నేర్పిస్తాగా" అంది.

క్షమించమని అడగను.

నీ తమ్ముడిలాంటి
వైస్వా

*

వైస్వా మాస్టారికి నమస్కారం.

అమ్మకు చదువు రాదని మరిచిపోయారు. మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. అమ్మ, "ఆయన్నేమీ అనకే. మీ తమ్ముడు ఆ బళ్ళోనే కూచోవాలి" అంది.

నేను ఆయన్ని వలంటీరనుకున్నానని మీరు రాసిన చోట మాత్రం ఆగిపోయాను. ఆయన ఎవరో నాకు తెలుసు మాస్టారూ. చేతిలో నా పేరున్న కాగితం ఉంది. జవాబు చెప్పబోతూ మీ వైపు చూశాను. మీరు చిల్లుల పైకప్పు వైపు చూస్తున్నారు. అందుకే యాభై నాలుగన్నాను.

సోమవారం నుంచి అమ్మతో చెరుకు నరకడానికి పోతున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి. కొత్త రేకులు వేశారట, వాన లోపలికి రావడం లేదని తమ్ముడు చెప్పాడు. మళ్ళీ బడికి రాను. ఒక్కసారైనా మీకు సరిగ్గా అప్పజెప్పాలనిపించింది.

ఏడెనిమిదులు యాభై ఆరు.

మీ విద్యార్థిని
నంగోబి