బావగారు పంపిన గుల్ల

బావగారికి,

మీరు పంపిన సముద్రపు నత్తగుల్ల శిలాజం చేరింది. కొత్త జాతని తేలితే దానికి నాన్నగారి పేరు పెట్టించమన్నారు. అక్క కూడా ఫోన్ చేసి, "మీ బావ పడ్డ కష్టం వృథా పోనివ్వకే" అంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. గుల్ల ఏ జాతిదో తేల్చేటప్పుడు మ్యూజియంలో మేము మొన నుంచి నోటిదాకా దాని మీది గీతలను వేలితో వెంబడిస్తాం. మీ గుల్ల మీది గీతలు నడుమదాకా బాగానే వచ్చి, అక్కడ దారి మార్చేశాయి. లోపల గట్టిపడిన మట్టి పైన తెల్లగా, కింద ఎర్రగా ఉంది. ఒకే నత్త రెండు సముద్రాల్లో చచ్చిపోదు కదా. వేడినీళ్లతో తడిపితే జిగురు కరిగి గుల్ల రెండు ముక్కలైంది.

మొన్న మీరు మ్యూజియానికి వచ్చినప్పుడు నేను టీ తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మీరు నా సొరుగు దగ్గర నిలబడి, "ఊరికే చూస్తున్నా మరదలా" అన్నారు. తర్వాత ఆ సొరుగులోని తెల్లమట్టి గుల్లకు మొన కనిపించలేదు. నేనే విరగ్గొట్టానేమోనని తల పట్టుకున్నాను. ఇవాళ మీ పైముక్క దాని మీద పెట్టి చూస్తే వెంట్రుకంత సందు లేకుండా అతికింది.

ఇక కింది ముక్క. అలాంటిది మా దగ్గర లేదు, పుస్తకాల్లోనూ లేదు. మొన లేకుండా పంపినా నెత్తిన పెట్టుకునేదాన్ని. క్వారీలో దొరికిందన్నారు. నిన్నటిదాకా అయితే నమ్మేదాన్ని.

అక్కకు ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు ఆ కింది ముక్క ఎవరి సొరుగులోదో మీరు నాకు చెప్పండి.

మీ మరదలు